ఉమ్మడి బ్యాటరీలు

పొయ్యి మీద ఏమీ లేదు. అయినా ఇంట్లో కొబ్బరి మాడుతున్న వాసన వచ్చింది. ఏదో జరగబోతోందని నాకు మొదట తెలిసింది అప్పుడే. మధ్యాహ్నం వంటింట్లో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. కరెంటు అప్పుడే వచ్చింది. లోపలి గదిలో ఫ్యాను తిరగడం మొదలైన చప్పుడు విని, పిల్లలకు కాస్త గాలి తగులుతుందని సంతోషపడ్డాను కూడా. కాసేపటికి ఈ వాసన. గ్యాసు కట్టేసి ఉంది. గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి. మరి కొబ్బరి ఎక్కడ మాడుతోంది? చేట పక్కన పడేసి లేచాను. బియ్యం గడప దాకా చిందాయి.

లోపలి గదిలో పిల్లలిద్దరూ చాప మీద నిద్రపోతున్నారు. వాళ్ల తలల పైన గోడలో ఒక గూడు. గూట్లో రెండు చార్జర్లు, ఒకదానిలో బ్యాటరీ. మా ఆయన స్క్రూలు బిగించే చేతి మిషన్‌ది. దాని ప్లాస్టిక్ డబ్బా ఒక పక్కకు ఉబ్బింది. అతుకు విచ్చుకుని అందులోంచి సన్నగా బుస వినిపిస్తోంది. సరిగ్గా దాని కిందే మా బిడ్డ జడ.

స్విచ్చి ఆపాను. దండెం మీది తువ్వాలు లాగి, చార్జరుతో సహా దాన్ని చుట్టి పట్టుకుని వాకిట్లోకి పరుగెత్తాను. తువ్వాలులోంచి కూడా అరచెయ్యి చుర్రుమంది. ఇంటి ఓనరు ప్రహరీ కోసం పోయించిన ఇసుక కుప్ప మీదికి విసిరాను. అది అక్కడ పడీ పడగానే టప్‌మని పగిలి మంట లేచింది. నల్లటి పొగ, మళ్లీ ఇంకో చప్పుడు, మళ్లీ మంట. చప్పుడుకు పిల్లలు లేచి గుమ్మంలోకి వచ్చారు. ఇంకా బడికి పోని చిన్నవాడు అది దీపావళి అనుకుని చప్పట్లు కొట్టాడు.

ఆ చప్పట్లు గుర్తొస్తే ఈ రోజుకీ నాకు ఒళ్లు మండుతుంది.

మా అత్తవారిది వడ్ల పని, అంటే వడ్రంగం, చేసే ఇల్లు. తలుపులు, మంచాలు, ఈ మధ్య దుకాణాల్లో అరలు. ముగ్గురు అన్నదమ్ములు. పెద్దాయన, నేను బావా అని పిలిచే మనిషి, భూపాలపల్లిలో గని కార్మికుల క్వార్టర్ల దగ్గర ఉంటాడు. నడిపివాడు మా ఆయన, జనగామలో. చిన్నవాడు మా మరిది, మహబూబాబాద్‌లో. చుట్టుపక్కల తండాల్లో కొత్తగా కట్టిన ఇళ్లకు తలుపులు బిగిస్తాడు. మామగారు పోయాక వాళ్లు ఇల్లు పంచుకున్నారు, ఉన్న కాస్త పొలం పంచుకున్నారు. పనిముట్లు మాత్రం పంచుకోలేదు. ఉలి ఎవరి సంచిలో ఉన్నా అది ముగ్గురిదీ.

అందుకే బ్యాటరీ మిషన్లు కొన్నప్పుడు కూడా ముగ్గురూ ఒకే కంపెనీవి కొన్నారు. ఒకరి బ్యాటరీ ఇంకొకరి మిషన్‌కు పట్టాలి కదా. జనగామలో కరెంటు కోత ఎక్కువైనప్పుడు ఖాళీ బ్యాటరీలు ఒక గుడ్డసంచిలో భూపాలపల్లికి బస్సెక్కేవి. అక్కడ క్వార్టర్లలో కరెంటు నిలకడగా ఉండేది. నిండిన బ్యాటరీలు తిరుగు బస్సులో వచ్చేవి. కండక్టర్లకు ఆ సంచి బాగా అలవాటు. అది చూసి నేనూ ముచ్చటపడిన రోజులున్నాయి.

వాళ్లింట్లో ఇంకో కట్టుబాటు ఉంది. పనిముట్లు రాత్రిపూట పరాయి చూరు కింద ఉండకూడదు. పని ఎంత దూరంలో ఉన్నా, సగంలో ఉన్నా, పొద్దుగూకేసరికి సంచి ఇల్లు చేరాలి. కాబట్టి బ్యాటరీలు చార్జింగ్ ఎక్కాల్సింది కూడా ఇంట్లోనే. మేముండేది రెండు గదుల అద్దె ఇల్లు. వంటింట్లో ఉన్న ఒక్క సాకెట్ గ్యాసు బండ పక్కనే ఉంది. ఇక మిగిలింది పిల్లలు పడుకునే గది, ఆ గదిలో గూడు.

ఆ ఏడాది దసరా నాటికి ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు. బడులు మూతపడ్డాయి కాబట్టి రెండో తరగతి చదివే మా బిడ్డ పొద్దంతా ఇంట్లోనే. భూపాలపల్లిలో గనులు ఆగిపోయాయి. జీతాల్లేని కార్మికులు మంచాలు చేయించుకోరు, అందుకని బావకు పని లేదు. ఆయనా మరిదీ మోటారు సైకిల్ మీద జనగామ వచ్చేశారు. ఇక్కడ ఒక ఇనుప సామాన్ల సేటు, ఎలాగూ దుకాణం మూసే ఉంది కదా, ఈ లోపల అరలన్నీ కొత్తగా చేయించుకుందామనుకున్నాడు. షట్టరు సగం దించి లోపల ముగ్గురూ పని చేసేవారు. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి పనంతా బ్యాటరీల మీదే. మూడిళ్ల బ్యాటరీలూ నా పిల్లల తలల మీదికి చేరాయి. ఏ క్షణాన కరెంటు వచ్చినా వృథా పోకూడదని చార్జరు స్విచ్చి ఎప్పుడూ వేసే ఉంచేవారు. నేను ఆపేసేదాన్ని. మళ్లీ ఎవరో ఒకరు వేసేవారు.

అక్కడి నుంచి తియ్యమని నేను అప్పటికే చెప్పి ఉన్నాను. ఒకసారి కాదు.

"తెలంగాణ వచ్చేదాక జర ఓపిక పట్టు. కరెంటు మంచిగైతది, అప్పుడు ఏడన్న పెట్టుకుందాం" అన్నాడు మా ఆయన.

నా కోపం ఆ మాట మీద. నేనూ తెలంగాణ కావాలన్నదాన్నే. చిన్నవాణ్ని చంకన వేసుకుని రోడ్డు మీద బతుకమ్మ ఆడాను. ధర్నా టెంటులో కూర్చున్నాను. మా బావ ఊరి పక్క నేలలోంచే బొగ్గు తీసి, కరెంటు చేసి, మా ఇళ్లు మాత్రం చీకట్లో ఉంచుతున్నారని హన్మకొండలో బీఎస్సీ చదివే రోజుల నుంచీ మండిపడ్డదాన్ని. కానీ పిల్లల చాప ఎక్కడ వెయ్యాలి, చార్జరు ఎక్కడ పెట్టాలి అన్నదానికి కూడా రాష్ట్రం రావాలా? ఆ రోజుల్లో ఆడవాళ్లు ఏ మాట అడిగినా మగవాళ్లకు అదొక్కటే జవాబు. ఇల్లు కురుస్తోందంటే తెలంగాణ రానీ. బాత్రూం తలుపు ఊడిందంటే తెలంగాణ రానీ. ఇంట్లో ముగ్గురు వడ్లోళ్లు ఉండి బాత్రూం తలుపుకు గోనెపట్టా కట్టుకున్నాం మేము.

ఇక వాసన సంగతి. ఏటా దసరాకు పనిముట్లు కడిగి పూజ చేస్తారు. మామూలుగా అది భూపాలపల్లిలో బావ ఇంట్లో జరుగుతుంది. ఆ ఏడు అందరూ జనగామలోనే ఉన్నారు కాబట్టి మా ఇంట్లోనే చేశారు. పీట మీద ఉలులు, బాడిసె, రంపాలు, వాటి పక్కనే చేతి మిషన్లు, బ్యాటరీలు పేర్చారు. బావ అన్నింటికీ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాడు. కొబ్బరికాయ కొట్టి, వాళ్ల నాయన చేసినట్టే ఆ నీళ్లు పనిముట్లన్నిటి మీదా ధార కట్టాడు. ఆ మర్నాడు ముగ్గురూ ఉలులనూ రంపాలనూ తుడిచి, తుప్పు పట్టకుండా నూనె రాశారు. బ్యాటరీలను పైపైన తుడిచి సంచిలో వేశారు.

పండగైన నాలుగు రోజులకు, ఆ బ్యాటరీలలో ఒకటి ఇప్పుడు ఇసుకలో బొగ్గయి పడి ఉంది.

నేను ఫోను చేస్తే మా ఆయన దుకాణం నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. వాకిట్లో ఆగి, కుప్ప వైపు చూసి అడిగిన మొదటి మాట ఇది:

"చార్జర్ గూడ పోయిందా?"

"పిల్లలు మంచిగనే ఉన్నరు. అడుగుతవేమోనని చెప్తున్న" అన్నాను.

మొహం మాడ్చుకుని లోపలికి పోయి పిల్లలను దగ్గరికి తీసుకున్నాడు. చిన్నవాడి తల నిమురుతూ కూర్చున్నాడు. అది చూసినా నా కోపం తగ్గలేదు.

వెనకాలే బావా మరిదీ వచ్చారు. బావ పుల్ల తీసుకుని ఇసుకలో దాన్ని పొడిచాడు.

"గీ కంపెనీ మాల్ గింతే. సేటు చెప్తనే ఉన్నడు. వేడెక్కుతయి, ఉబ్బుతయి అని" అన్నాడు.

సేటు కొత్తగా ఇంకో కంపెనీ మిషన్లు అమ్మడం మొదలుపెట్టాడు. పనికి పోయినప్పుడల్లా డబ్బా తెరిచి చూపిస్తున్నాడట. ఇక ముగ్గురూ ఇసుక కుప్ప చుట్టూ నిలబడి అదే మాట్లాడారు. కొత్తదానికి బలం ఎక్కువ, పాతది తేలిక. కొత్తదాని బ్యాటరీ పాత మిషన్‌కు పట్టదు. మారితే మూడిళ్లూ ఒక్కసారే మారాలి. మారకపోతే ఈ ప్రమాదం మళ్లీ రాదని నమ్మకమేముంది? నేను గుమ్మంలో నిలబడి విన్నాను. ఎండ పోయి నీడ వచ్చింది. ఆ గూడు మాట ఒక్కరి నోటా రాలేదు.

చివరికి మా ఆయనకే ఏదో అనుమానం వచ్చినట్టుంది. సంచిలోంచి ఇంకో బ్యాటరీ తెచ్చి, అరుగు మీద కూర్చుని దాని స్క్రూలు విప్పాడు. మూత తెరవగానే పులిసిన కొబ్బరినీళ్ల వాసన గుప్పుమంది. లోపలి రేకుల మీద ఆకుపచ్చ చిలుము. మూలల్లో పసుపు ముద్ద. దాని మీద తడిసి ఎండిన కుంకుమ.

మరిది వంగి చూసి నవ్వాపుకోలేకపోయాడు. "పెద్దన్నా, లోపలి దాక బొట్టు పెట్టినవ్ గదనే!"

బావ నవ్వలేదు. "నాయిన ఉన్నప్పటి సంది గిట్లనే కొడుతున్నం కొబ్బరికాయ. ఉలికేమన్న అయిందా? బాడిసెకేమన్న అయిందా?"

"ఉలిని తుడిచి నూనె రాస్తిమి గదన్నా. దీని లోపల ఎవలు తుడిచిండ్రు?" అన్నాడు మా ఆయన మెల్లగా.

"అంటే నా పూజ వల్ల అయిందంటవ్?"

"నేనట్ల అంటలే."

"నీళ్లు తగిలితే మండేదాన్ని మిషన్ అంటరారా? రేపే సేటు దగ్గరికి పోదాం. మూడిండ్లకు కొత్త కంపెనీయే."

అప్పుడు నాకు అర్థమైంది. ఇప్పుడు కంపెనీ మారితే తప్పు ఆ కంపెనీది అయిపోతుంది. పూజ చేసిన చేతిది కాదు, ఆరకుండానే చార్జరులో పెట్టిన చేతిది కాదు, స్విచ్చి వేసి ఉంచిన చేతిది కాదు. ఎక్కడో ఏ ఊళ్లోనో బ్యాటరీలు చేసేవాళ్లది. మూడిళ్ల మిషన్లు మూలకు పడేసైనా సరే, ఒక మనిషి తన నోటితో పొరపాటైందని అనకుండా ఉండాలి.

గుమ్మం దిగి వచ్చాను. మా ఆయనతోనే మాట్లాడాను. బావ ముందు ఎదురుబడి మాట్లాడటం మా ఇళ్లలో లేదు.

"కొత్తది తెస్తే ఏడ పెడ్తరు?"

"ఏడ పెట్టేదేంది?"

"చార్జింగు. ఏడ పెడ్తరని అడుగుతున్న."

జవాబు బావ చెప్పాడు, తమ్ముడి వైపు చూస్తూనే. "ఉన్నదొక్కటే గూడు. ఇంకేడ పెడ్తరు? కొత్తది వేడి గాదని చెప్పురా నీ పెండ్లానికి."

"పనిముట్లు సేటు దుకాణంలనే పెట్టమను. ఆయనకు జనరేటర్ ఉన్నది" అన్నాను.

"పరాయి చూరు కింద పనిముట్లు పెట్టిన ఇల్లు కాదు మనది" అన్నాడు బావ. గొంతు లేచింది. "డిగ్రీ చదివినమని అన్నిట్ల తల దూర్చొద్దని చెప్పు. ఆడ పోరగాండ్లు తెలంగాణ కోసం పానాలిస్తున్నరు. గీమెకు గూటి రంది పట్టుకున్నది!"

ఎదురుబడి మాట్లాడటం మా ఇళ్లలో లేదన్నాను కదా. ఆ మాటతో అది పోయింది.

"నా పిల్లలను గూడ ఇయ్యమంటవా బావా? ఇయ్యమంటే చెప్పు. గీ కొబ్బరినీళ్లకు, గీ గూటికి ఇయ్యమంటవా?"

పక్కింటావిడ తన వాకిట్లోంచి తొంగి చూసి తల దించుకుంది. మరిది నా దగ్గరికొచ్చాడు. "వదినా, నీ కాల్మొక్త, జర సల్లబడు" అన్నాడు. తర్వాత అన్నలిద్దరి వైపు తిరిగి తన ధోరణిలో తాను అన్నాడు. "రాష్ట్రం వేరు గావాల్నని రోడ్డు మీద లొల్లి చేస్తున్నం. బ్యాటరీలు మాత్రం ఉమ్మడిగనే ఉండాల్నా పెద్దన్నా? ఎవల బ్యాటరీ వాళ్లు, ఎవల కొబ్బరికాయ వాళ్లు కొట్టుకుందాం పా."

నవ్వించాలనే అన్నాడు. కానీ బావ మొహం చూస్తే అది తగలకూడని చోట తగిలిందని తెలిసింది.

మా ఆయన అరుగు మీద విప్పిన స్క్రూలు ఒక్కొక్కటే ఏరి బ్యాటరీ మూతలో వేస్తున్నాడు. ఏ కంపెనీ అన్నది ఆయనకు ఇక ముఖ్యం కాదని నాకు తెలుసు. ఆయన ముందున్నది ఒకటే. పెద్దన్న మాట నిలబెడితే ఆ గూట్లో మళ్లీ ఏదో ఒక బ్యాటరీ ఎక్కుతుంది. నా మాట నిలబెడితే పనిముట్లు పంచుకోని ఇల్లు ఈ రోజుతో పంచుకున్న ఇల్లవుతుంది. ఆయన మీద జాలి పడటానికి నా దగ్గర ఓపిక లేదు. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. ఆయన ఎటు లేస్తాడో అని చూస్తున్నాను.

చివరికి లేచాడు. లోపలికి పోయి గూట్లో మిగిలిన చార్జరు తెచ్చి సంచిలో వేశాడు.

"అన్నా, మిషన్ మారది. జాగ మారుతది. రేపటి సంది ఇవి సేటు దుకాణంలనే ఉంటయి. నీకు గావాల్నంటే కొత్త కంపెనీది తీస్కో. నేనద్దన."

"అంటే వేరు పడ్తున్నవన్నట్టు."

"ఏమన్న అనుకో అన్నా."

బావ ఆ పూట అన్నం తినలేదు. నేను వండాను, వడ్డించాను, ఆయన కంచం ముందు కూర్చుని లేచాడు. అది కూడా నా తప్పుల లెక్కలోకే వచ్చింది.

ఆ తర్వాత ఆయన నిజంగానే కంపెనీ మారాడు. మేము మారలేదు. మా ఆయన మిగిలిన బ్యాటరీలన్నీ విప్పి, శుభ్రం చేసి, పనికొచ్చేవి ఉంచుకుని పనికిరానివి పారేశాడు. మరిది కొన్నాళ్లు పాతదీ కొన్నాళ్లు కొత్తదీ వాడి చివరికి మా వైపే ఉన్నాడు. సమ్మె అయిపోయి బస్సులు తిరిగాయి గానీ ఆ గుడ్డసంచి మళ్లీ భూపాలపల్లి బస్సెక్కలేదు. చుట్టాల్లో ఇప్పుడు చెప్పుకునే కథ ఏమిటంటే, నడిపోని పెండ్లాం వచ్చి అన్నదమ్ముల పనిముట్లు విడదీసింది. బ్యాటరీ పేలిన సంగతి ఆ కథలో లేదు. పిల్లలు లేరు. నా అరచేతి మీది మచ్చ లేదు. ఏ పెళ్లిలో కూర్చున్నా ఆడవాళ్లే నన్ను అడుగుతారు, అంత మాట పెద్దమనిషిని ఎట్ల అన్నవే అని. మరుసటి దసరాకు బావ బ్యాటరీలను వేరే గదిలో బీరువా మీద పెట్టి, ఆ తర్వాతే కొబ్బరికాయ కొట్టాడట. మరిది నవ్వుతూ చెప్పాడు. అంటే ఆయనకు తెలుసు. ఆ రోజూ తెలుసు. ఆ ముక్క నాతో అనడానికి మాత్రం ఇప్పటి దాకా నోరు రాలేదు.

పిల్లలు పడుకున్నాక కూర్చుని ఇవన్నీ రాస్తున్నాను. రాస్తే తగ్గుతుందంటారు. నాకైతే తగ్గడం లేదు. ఇప్పటికీ కరెంటు పోయి వస్తే చాలు, లేచి ప్రతి సాకెట్టూ ముట్టుకుని చూసుకుంటాను. గోడ చల్లగా ఉంటే వచ్చి పడుకుంటాను.

బ్యాటరీ పేలిన మర్నాడు పొద్దున పిల్లలు లేచేసరికి బావ వెళ్లిపోయాడు. చాయ్ కూడా తాగలేదు. మరిది బండి మీద దింపడానికి పోయాడు. మా ఆయన సంచి తీసుకుని దుకాణానికి పోయాడు. నేను ఇద్దరినీ గూటి కింద చాప మీదే కూర్చోబెట్టి పాలు ఇచ్చాను.

"అమ్మా, పెద్దబాపు ఏడి?" అంది బిడ్డ.

"కోపమొచ్చి పోయిండు."

"నా మీదనా?"

"నీ మీద గాదు. నా మీద."

"నువ్వేం చేసినవ్?"

"అరిసిన."

అది గ్లాసు కింద పెట్టి నా మొహం చూసింది. అరవకూడదని, పెద్దవాళ్లు మాట్లాడుతుంటే ఊరుకోవాలని దానికి రోజూ చెప్పేది నేనే. ఆ మాట వెనక్కు తీసుకోవాల్సింది కూడా నేనే.

"ఇటు చూడుండ్రి ఇద్దరు. గా గూట్ల ఇగ ఎవ్వలేది పెట్టినా నన్ను పిలువుండ్రి. బాపు పెట్టినా, పెద్దబాపు పెట్టినా, నేను పెట్టినా. వాసనొస్తే, చప్పుడొస్తే, వేడి తగిలితే, ముట్టుకోవద్దు. తమ్ముని చెయ్యి పట్టుకోని బయటికి ఉరుకు."

"దేవునికి పెట్టిందైతే?"

"దేవునికి పెట్టిందైనా ఉరుకుండ్రి. ఉరుక్కుంట అరువుండ్రి. ఎవలన్న ఏమన్న అంటరేమో అని ఆగకుండ్రి. అరిసినందుకు గీ ఇంట్ల మిమ్మల్ని ఎవ్వలు కొట్టరు."